తోడుకి ఉంచిన టాపెట్లు

మొన్న మా ఇంటికొచ్చిన కుర్రాడు బానెట్ ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని, ఇంజిన్ మీదకి వంగి చాలాసేపు చూశాడు. హైదరాబాద్ నుంచి వచ్చాడు. పాత కార్లు కొని, అవి కంపెనీలోంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే తయారుచేసి పెట్టుకోవడం అతని సరదా. మా అంబాసిడర్ సంగతి ఎవరో చెప్పారట, వెతుక్కుంటూ వచ్చాడు. కంటి ఆపరేషన్ అయ్యాక నేను కారు బయటికి తీయడం తగ్గించేశాను. పార్టులు దొరకవు. ఆటోనగర్‌లో ఇప్పటి మెకానిక్కులు దాన్ని చూడగానే మొహం పక్కకి తిప్పుకుంటారు. అమ్మేస్తే పోలా అని నాకూ అనిపించబట్టే రమ్మన్నాను. అతను నంబర్లన్నీ చూసుకుని, చేతులు తుడుచుకుంటూ, "ఏమీ అనుకోకండి మేడమ్. ఈ ఇంజిన్ అంతా కలగాపులగం అండీ. బ్లాక్ ఒక ఇయర్‌ది, హెడ్ దానికన్నా పాతది, లోపల ఇంకేమేం ఉన్నాయో దేవుడికే తెలియాలి. దీన్ని ఏ ఇయర్ బండి అని చెప్పుకోవాలండీ?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. అయినా నాకు ఒళ్ళు మండింది. "అన్ని ఇయర్లదీనండీ," అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ కారు నాన్న పెళ్ళైన కొత్తలో కొన్నది. నాకు ఊహ తెలిసేటప్పటికే పాతబడిపోయింది. పటమటలో, బెంజ్ సర్కిల్ హోరు వినపడీ వినపడనంత దూరంలో, ఒక సందు చివర మా ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, ముందు కారు పట్టేంత జాగా, ఇనప గేటు. నాన్న కారుని కిరాయికి తిప్పేవాడు. కొండపల్లి పవర్ స్టేషన్‌కి ఎవరైనా పెద్ద ఆఫీసర్లు వస్తే రైల్వేస్టేషన్ నుంచి తీసుకెళ్ళేవాడు, ముహూర్తాల్లో పెళ్ళివారిని బందరు, గుడివాడ, ఏలూరు తిప్పేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంటికొచ్చాక కారు తలుపు తీస్తే మల్లెపూలు, పెట్రోలు, ఎండకి కాలిన రెక్సిన్ సీటు, అన్నీ కలిసిన వాసన గుప్పుమనేది. నాన్న చొక్కా కూడా అదే వాసన వేసేది. అమ్మ ఆ చొక్కాలు విడిగా నానబెట్టేది, అయినా ఆ వాసన పోయేది కాదు. ఆ వాసనంటే నాకు చిరాకు. కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్లలకి నా ఓణీల్లోంచి కూడా పెట్రోలు వాసన వస్తుందేమోనని ఒకటే బెంగ. ఇప్పుడు అదే వాసన కోసం వారానికోసారి కారు తలుపు తీసి ఊరికే కూర్చుంటాను. నా మొహం, ఎవరికైనా చెబితే నవ్విపోతారు.

అమ్మ పొద్దున్నే లేచి, ముగ్గేసి, తులసికోటకి నీళ్ళు పోసి, ఆ చేత్తోనే రేడియేటర్ మూత తిప్పి కారుకీ నీళ్ళు పోసేది. నాన్న అటువైపు అద్దాలు తుడుచుకుంటూ ఉండేవాడు. రేడియేటర్ ఎక్కడో సన్నగా కారేది, రోజూ పోయాల్సిందే. వేడెక్కితే చూపించే ముల్లు ఏనాడో చచ్చిపోయింది, దాని అవసరమూ ఎవరికీ పడలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ వేళప్పుడు నేను ముసుగుతన్ని పడుకుని ఉండేదాన్ని.

సాయంత్రం సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. నాన్న ఇంటి ముందు ఒక్కనాడూ హారన్ కొట్టి ఎరగడు. సందు మొదట్లో కారు తిరిగేటప్పటికే అమ్మ చేతిలో పని వదిలేసి లేచేది. "మీ నాన్న బండి గొణుక్కుంటూ వస్తోంది," అని గేటు బార్లా తీసి నిలబడేది. కారు ఆగకుండా లోపలికి వచ్చేసేది. నాకేమో ఏమీ వినపడేది కాదు. సందులో స్కూటర్లు, కుళాయి దగ్గర బిందెలు, పక్కింటి టీవీ, ఇన్నిటి మధ్య ఆ గొణుగుడు ఆవిడకెలా వినపడేదో. "నాకేం వినపడలేదమ్మా," అంటే, "నీకెందుకే, నాకు వినపడితే చాల్లే," అనేది. గేటు వేసొచ్చి అన్నం వార్చి, ఆఖర్న పాలు గోరువెచ్చగా చేసి తోడు పెట్టేది. మా ఇంట్లో పెరుగు గిన్నె ఎప్పుడూ పూర్తిగా ఊడ్చకూడదు. ఎంత ఆకలితో ఉన్నా సరే, రేపటి తోడుకి చెంచాడు ఉంచాలి. నేను వేలుపెట్టి నాకితే చేతి మీద ఒక్కటిచ్చేది.

అమ్మ వానాకాలంలో పోయింది. జ్వరం అని ఆస్పత్రికి నాన్న తన కారులోనే తీసుకెళ్ళాడు. ఆవిడ వెనక సీట్లో పడుకోనని ముందు సీట్లోనే కూర్చుంది. రావడం మాత్రం అలా రాలేదు. పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు ఎంత ఖాళీ అయిందంటే, గోడ గడియారం చప్పుడు కూడా నా మీదకొస్తున్నట్టుండేది. ఆ సాయంత్రం పాలు కాచాను. చూస్తే పెరుగు గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆ రోజుల్లో ఎవరో పుణ్యాత్మురాలు బూజు పట్టిందని కడిగేసింది. తోడు లేదు. పక్కింటికెళ్ళి అడిగితే, "దీపాలు పెట్టాక ఇవ్వకూడదమ్మా, రేపు పొద్దున్న రా," అన్నారు. వాళ్ళ తప్పేం లేదు, అమ్మా అలాగే అనేది. కానీ ఖాళీ గిన్నె పట్టుకుని నడిరోడ్డు మీద ఎంత ఏడ్చానో. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మర్నాడు మస్తాన్ బాబాయ్ స్టీలు డబ్బాలో వాళ్ళింటి పెరుగు తెచ్చాడు. ఆటోనగర్‌లో మా కారు చూసే మెకానిక్ ఆయన. గొంతు పెద్దది, గొప్పలు ఇంకా పెద్దవి. విమానమైనా సరే విప్పి బిగిస్తానంటాడు, మా ఇంటి మిక్సీ విప్పి మళ్ళీ బిగించలేకపోయాడు. అమ్మని వదినా అనేవాడు. నేను ఆ పెరుగుతో తోడు పెడుతూ, "ఇది అమ్మ పెరుగు కాదుగా నాన్నా," అన్నాను. నాన్న చాలా రోజులకి నోరు తెరిచాడు. "ఎవరింటిదైతే ఏంటమ్మా. మన పాలల్లో నాలుగు రోజులు తోడుకుంటే మన పెరుగే అవుద్ది," అన్నాడు. 

ఆ తర్వాత కొద్ది రోజులకే కారు ఆగిపోయింది. పెళ్ళివారిని బందరులో దింపి ఖాళీగా తిరిగొస్తుంటే ఉయ్యూరు దాటగానే ఇంజిన్ బిగుసుకుపోయింది. పొలాలకి వెళ్ళే ట్రాక్టర్ల మధ్య, రోడ్డు పక్కన, పొగలు కక్కుతూ నిలబడిపోయిందట. మస్తాన్ బాబాయే వెళ్ళి తాడు కట్టి లాక్కొచ్చాడు. కారుని గేటు ముందు వదిలి, నాన్న లోపలికెళ్ళాక, ఆయన నన్ను పక్కకి పిలిచాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. "రేడియేటర్‌లో చుక్క నీరు లేదు పాపా. ఎండి బొగ్గయిపోయింది. ఇన్నేళ్ళ డ్రైవరువి, నీళ్ళు చూసుకోవా అన్నా అని కేకలేశాను. అది నా పని కాదురా, అన్నాడు. నవ్వొచ్చింది నాకు. ఎవడి పనిరా మరి అన్నాను. తల తిప్పి ముందున్న ఖాళీ సీటు వైపు చూశాడు. అప్పుడర్థమైంది." అంతే, గబగబా వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి చూస్తే అమ్మ నీళ్ళు పోసే చెంబు తులసికోట వెనక అలాగే ఉంది. అందులో వాన నీళ్ళు నిండి ఉన్నాయి.

ఇంజిన్ దించి విప్పితే పనికొచ్చేది దాదాపు ఏమీ మిగల్లేదు. బ్లాకు పగిలింది, హెడ్డు వంకరపోయింది, పిస్టన్లు గీసుకుపోయాయి. కైకలూరు నుంచి పెదనాన్న వచ్చాడు. నాన్నకి అన్నగారు, కలకత్తాకి చేపల లారీలు తిప్పేవాడు. మంచం మీద కూర్చుని, "దాన్ని తుక్కు కింద అమ్మి పారెయ్. నా దగ్గర లారీ తోలుకుందువుగాని. పిల్లని మా ఇంట్లో పెడదాం, సంబంధం చూద్దాం. ఇద్దరూ ఈ కొంపలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటారు?" అన్నాడు. ఆయన మాటలో చెడు లేదు. కానీ నేను లెక్క వేసుకున్నాను. కారు బాగుపడకపోతే ఈ ఇల్లు తాళం పడుతుంది, నా చదువు సగంలో ఆగుతుంది, నాన్న కలకత్తా రోడ్ల మీద, నేను కైకలూరులో ఎవరింటి వంటగదిలోనో. నాన్న తలెత్తకుండా, "దసరా వెళ్ళేదాకా చూద్దాం అన్నయ్యా. అప్పటికీ లేవకపోతే నీ ఇష్టం," అన్నాడు.

అప్పటి నుంచి నాన్న రోజూ నడిచి ఆటోనగర్ వెళ్ళేవాడు. కొత్త ఇంజిన్ కొనే స్తోమత లేదు, తుక్కు షెడ్లలో దొరికినవే ఏరుకోవాలి. బ్లాకు మా కారు కన్నా చాలా తర్వాత పుట్టిన ఒక యాక్సిడెంట్ బండిది. హెడ్డు ఉయ్యూరు దగ్గర ఒక రైతుగారి కొట్టంలో చెరుకు పిప్పి కింద పడున్న కారుది, అది వయసులో మా కారు కన్నా పెద్దది. వారాల తరబడి ఒక్కో సామానూ వచ్చింది. సాయంత్రం ఇద్దరం అన్నాల దగ్గర కూర్చునేవాళ్ళం. నాన్న ఏమైనా మాట్లాడితే ఇంజిన్ గురించే. నేను కాలేజీ గురించి ఏదో చెప్పబోతే ఊ కొట్టేవాడు, ఆ ఊ ఎటో చూస్తూ ఉండేది. నాకు కోపం వచ్చేది. అమ్మ పోయింది ఒక్క నీకేనా, నాకు పోలేదా అని అడగాలనిపించేది. అడిగితే ఇద్దరిలో ఒకరం కూలిపోతామని భయమేసి కంచాలు తీసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒకనాడు వంటింట్లో ఇడ్లీ రేకులు కనపడలేదు. వెతికితే నాన్న మంచం కింద దొరికాయి. గుంటకొక్కటి చొప్పున నల్లటి ఇనప గిన్నెలు పెట్టి ఉన్నాయి, చిటికెన వేలు దూరేంతవి, ఆయిల్ కారుతూ. "ఛీ ఛీ, ఇవేంటి నాన్నా?" అన్నాను. "ముట్టుకోకు! ఏ గుంటలోది ఆ గుంటలోనే ఉండాలి," అని అరిచాడు. అవి టాపెట్లు. ఇంజిన్‌లో క్యామ్ అని ఒక ఇరుసు తిరుగుతుంటే, దాని మీద కూర్చుని ఎగురుతూ వాల్వుల్ని తెరుస్తుంటాయి. ఎదురుగా ఉన్న క్యామ్‌తో కలిసి అరుగుతాయి కాబట్టి ఏది ఎక్కడిదో అక్కడే బిగించాలి. మా పాత ఇంజిన్‌లో ప్రాణంతో బయటపడ్డవి ఆ క్యామూ ఆ టాపెట్లే. అవీ అరిగి గుంటలు పడ్డాయి. చేసేదేముంది, ఆ ఇడ్లీ రేకులు తిరిగొచ్చేదాకా మా ఇంట్లో ఉప్మాయే.

ఇంజిన్ బిగించి మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు నేనూ వెళ్ళాను. నిమ్మకాయ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, మస్తాన్ బాబాయ్ చుట్టుపక్కల షెడ్ల వాళ్ళందర్నీ పిలిచి మరీ చూపించాడు. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఆయిల్ తీసి చూస్తే కాఫీ రంగులో ఉంది, నీళ్ళు కలిసిపోయాయి. బ్లాకుకీ హెడ్డుకీ మధ్య నీళ్ళు తిరిగే రంధ్రాలుంటాయట. ఒక ఏడాది బ్లాకులో ఉన్న రంధ్రం ఇంకో ఏడాది హెడ్డులో లేదు. మస్తాన్ బాబాయ్ హెడ్డుని తిట్టాడు, నాన్న బ్లాకుని తిట్టాడు, ఆఖరికి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. నాన్న అంత గట్టిగా మాట్లాడటం విని నాకు లోపల సంతోషమేసింది, ఏం చెప్పను. చివరికి ఆ ఎక్కువ రంధ్రానికి ఇత్తడి బిరడా కొట్టించారు. కథల్లో అయితే అమ్మ చెంబు కరిగించి చేయించేవారు. అది బజార్లో కొన్న ఇత్తడే.

రెండోసారి బిగించేటప్పుడు మస్తాన్ బాబాయ్ టాపెట్ల దగ్గర ఆగాడు. "ఈ క్యామూ టాపెట్లూ పారేద్దాం అన్నా. అన్నీ మార్చినప్పుడు వీటినెందుకు ఉంచడం? కొత్త సెట్టు వేస్తే బండి చప్పుడు చేయకుండా పోద్ది," అన్నాడు. "ఉండనీ," అన్నాడు నాన్న. "సౌండొస్తదిరా బాబూ, నా పేరు పోద్ది!" "రానీ." "ఎందుకయ్యా అంత మొండితనం?" నాన్న ఇడ్లీ రేకు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో టాపెట్టూ తుడుస్తూ, "బ్లాకు ఎవడిదో, హెడ్డు ఎవడిదో. మనది ఒక్కటైనా ఉండాల్రా, తోడుకి," అన్నాడు. మస్తాన్ బాబాయ్ చేతులు తుడుచుకుని రేకు అందుకున్నాడు.

ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. దసరా వెళ్ళిపోయి అప్పటికే కొన్నాళ్ళయింది, పెదనాన్న ఏ రోజైనా రావచ్చు. బండి లేచిందో లేదో తెలియదు, ఫోను లేదు. పాలు కాచి చల్లారబెట్టి చెంచాతో తోడు తీస్తున్నాను. ఎక్కడో సందు మొదట్లో, స్కూటర్ల మధ్య, బిందెల మధ్య, ఎవరో ముసలావిడ ఎవర్నో ముద్దుగా తిట్టుకుంటూ వస్తున్నట్టు ఒక గొణుగుడు. ఆ చప్పుడు నాకు తెలుసని నాకే తెలియదు. ఇన్నేళ్ళూ అమ్మ వెనక నిలబడి విన్నానన్నమాట. చెంచా చేతిలోనే ఉంది, పరిగెత్తి గేటు బార్లా తీశాను. కారు ఆగకుండా లోపలికి వచ్చింది.

నాన్న దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "హారన్ కొట్టలేదుగా. ఎలా తెలిసిందే?" అన్నాడు. "గొణుక్కుంటూ వచ్చిందిగా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అమ్మ మాటలా వచ్చింది. నాన్న తల స్టీరింగ్ మీద వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మ పోయాక ఆయన ఏడవడం అదే మొదటిసారి. నేను కిటికీలోంచి ఆయన వీపు మీద చెయ్యేసి నిలబడ్డాను, నా చేతిలోని పెరుగు ఆయన చొక్కాకి అంటుకుంది. కాసేపటికి మొహం తుడుచుకుని, "తోడు పెట్టావా?" అని అడిగాడు. "పెడుతున్నాను," అన్నాను. "రేపటి నుంచి దీనికి నీళ్ళు నేనే పోస్తాలే," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు అమ్మ లేచే వేళకి లేచి చెంబు అందుకున్నాను.

పెదనాన్న వచ్చి చూసి, "ఇదేం చప్పుడురా," అని నవ్వి, కారులోనే స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కాడు. మా ఇల్లు నిలబడింది. నేను చదువుకున్నాను, కాలేజీలో పాఠాలు చెప్పాను. పెళ్ళి కుదరలేదు, నేనూ కుదుర్చుకోలేదు. నాన్న నాకు డ్రైవింగ్ నేర్పాడు, కిరాయిలు మానేశాక ఇద్దరం ఊరికే బందరు దాకా వెళ్ళి వేడి బజ్జీలు తిని వచ్చేవాళ్ళం. మస్తాన్ బాబాయ్ పోయాడు, తర్వాత కొన్నేళ్ళకి నాన్న. అప్పటి నుంచి ఆ కారుని ఇంటికి తెచ్చేదీ నేనే, గేటు తీసేదీ నేనే. దిగి, గేటు తీసి, మళ్ళీ ఎక్కి, లోపలికి తెచ్చి, మళ్ళీ దిగి, గేటు వేస్తాను. మా సందులో ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లు. కార్లు పిల్లుల్లా వస్తాయి, పిల్లుల్లా పోతాయి. ఎవరు ఇంటికొచ్చారో, ఎవరు రాలేదో చెవికి తెలియదు. చప్పుడు లేకపోవడం సుఖమే, కాదనను. కానీ ఎదురుచూడటానికి ఏదో ఒకటి వినపడాలి కదా.

మొన్న వచ్చిన కుర్రాడు, "ఒక రౌండ్ వేసి చూస్తానండీ," అని తాళం తీసుకున్నాడు. బాడీ బాగుందట, దాని ఇయర్‌కి సరిపోయే ఇంజిన్ వెతికి పెట్టుకుంటాడట. ఉన్న ఇంజిన్ విప్పేసి, ఏ పార్టు ఏ ఇయర్ బండికి కావాలో వాళ్ళకి ఇచ్చేస్తాడట. న్యాయమైన మాటే. నేను సరేనని లోపలికెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను. కాగాయి, దించాను, చల్లారబెట్టాను. చెంచా తీసుకునేసరికి సందు మొదట్లో గొణుగుడు. అంతే. ఎప్పుడు లేచానో, ఎప్పుడు నడిచానో తెలియదు, గేటు తీసి నిలబడి ఉన్నాను. కారు ఆగకుండా లోపలికి వచ్చింది. డ్రైవింగ్ సీట్లోంచి దిగేది ఎవరో తెలిసి కూడా, ఒక్క క్షణం తలుపు వైపే చూశాను. నేను గేటు ఎవరో ఒకరి కోసం తీసి ఎన్నేళ్ళైందో.

కుర్రాడు దిగి, "హారన్ కొట్టలేదు కదండీ, ఎలా తెలిసింది మీకు?" అన్నాడు. గేటు రెక్క ఇంకా నా చేతిలోనే ఉంది. అతనే మళ్ళీ, "టాపెట్ సౌండ్ బాగా ఉందండీ. ఇంజిన్ మార్చేస్తే అది పోతుందిలెండి," అన్నాడు.

"బాబూ, మీరు ఇంటికెళ్తే మీకు గేటెవరు తీస్తారు?" అని అడిగాను.

అతను అర్థంకాక చూశాడు. "రిమోట్ ఉందండీ," అన్నాడు.

"అయితే ఇవ్వనండీ," అన్నాను.

పిచ్చిదనుకుని ఉంటాడు. కాఫీ ఇచ్చాను, మర్యాదగా తాగి, నంబరు ఇచ్చి, మనసు మారితే చెప్పమని వెళ్ళిపోయాడు. గేటు వేసి వంటింట్లోకి వస్తే పాలు పూర్తిగా చల్లారిపోయి ఉన్నాయి. మళ్ళీ వెచ్చబెట్టాను. గిన్నె అడుగున నిన్నటి పెరుగు చెంచాడు ఉంది. అది వేసి కలిపి మూత పెట్టాను. ఒక్కదాన్నే తినే పెరుగు. అయినా గిన్నె ఊడ్చను.